మీటరు చూసి మోసపోకండి

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఏళ్ల తరబడి తిరిగిన డీజిల్ బండి అసలు వయసెంత? ఇంజిన్ విప్పకుండానే లోపలి దెబ్బను పసిగట్టే పద్ధతి ఇది.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ఐటీ భవనాన్ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ మరుసటి నెలాఖరులోనే టాటా ఇండికా మార్కెట్లోకి వచ్చింది. నెల తేడాతో మొదలైన ఈ రెండు ప్రయాణాలూ ఆ తర్వాత కలిసే సాగాయి. రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు లేచినకొద్దీ, రాత్రి షిఫ్టు ఉద్యోగులను ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా చేర్చే క్యాబులు పెరిగాయి. మొదట ఇండికా, సుమో, క్వాలిస్, టవేరా. తర్వాత డిజైర్, ఇటియోస్, ఇన్నోవా. వీటిలో అత్యధికం డీజిల్ బండ్లే.

సొంత కార్ల సంగతీ అంతే. 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలుంటే డీజిల్ 41 రూపాయలే. ఆ తేడా చూసి జనం డీజిల్ కార్ల కోసం నెలల తరబడి ఎదురుచూశారు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతీ డీజిల్ కార్ల తయారీ మానేసింది. స్విఫ్ట్ నుంచి ఇండికా విస్టా దాకా ఎన్నో కార్లకు గుండెగా పనిచేసిన ఫియట్ వారి 1,248 సీసీ మల్టీజెట్ ఇంజిన్ శకం కూడా అక్కడితో ముగిసింది.

కొత్తవి తగ్గాయి, పాతవి మిగిలాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు రావడంతో అక్కడి కార్లు కూడా ఇతర రాష్ట్రాల సెకండ్ హ్యాండ్ మార్కెట్లకు తరలాయి. ఈరోజు కొండాపూర్‌లోనో, మియాపూర్‌లోనో పాత డీజిల్ కారు కొనేవాళ్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి కారు కొనుక్కుంటున్న చిన్న ఉద్యోగి ఒకరు. అప్పు చేసి సొంత క్యాబు మొదలుపెడుతున్న డ్రైవరు ఇంకొకరు. ఇద్దరూ ముందు చూసేది పెయింటు, టైర్లు, మీటరు మీద కిలోమీటర్లు. అసలు నష్టం దాక్కునే చోటు మాత్రం ఇంజిన్ లోపల ఉంటుంది. అది విప్పాల్సి వస్తే ఖర్చు లక్ష దాకా వెళ్లడం, దాటిపోవడం మామూలే.

కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టాలి

హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి ఇంజిన్ సుమారు 1,670 గంటలు పనిచేసినట్టు. అదే లక్ష కిలోమీటర్లు సాయంత్రం పూట బయోడైవర్సిటీ కూడలి, మైండ్‌స్పేస్ జంక్షన్ మీదుగా గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తిరిగితే 5,000 గంటలు. మీటరు మీద అంకె ఒక్కటే, ఇంజిన్ పడిన శ్రమ మూడింతలు. ఇక ఆఫీసు గేటు బయట ఏసీ వేసుకుని ఎదురుచూసిన గంటలు ఆ మీటరు లెక్కలోకే రావు.

నిలబడి తిరిగే ఇంజిన్‌కు భారం ఉండదు కదా, అరుగుదల ఎందుకని చాలామంది అనుకుంటారు. డీజిల్ ఇంజిన్ విషయంలో ఇది తప్పు. భారం లేనప్పుడు సిలిండర్‌లో వేడి చాలదు. ఇంధనం పూర్తిగా కాలక మసి మిగులుతుంది. ఆ మసి కొంత, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో పేరుకుంటుంది, కొంత రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతుంది. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు గట్టిగా అదుముకునేది పైనున్న వాయుపీడనం వల్లే. గంటల కొద్దీ ఐడ్లింగ్‌లో ఆ పీడనం తక్కువగా ఉండి, గోడ మీది సన్నటి గీతలు నున్నబడి ఆయిల్‌ను పట్టుకోవు. పైగా ఆయిల్ మార్చేది కిలోమీటర్లు చూసి. గంటల లెక్కన చూస్తే ఆ ఆయిల్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది.

ఇక మీటరును వెనక్కి తిప్పిన బండి సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ఇంజిన్‌నే నేరుగా అడగాలి. అడిగే పద్ధతికి ఒక వరుస ఉంది.

చల్లగా ఉన్నప్పుడే చూడాలి

మొదటి షరతు ఒక్కటే: మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బండి ముందే స్టార్ట్ చేసి పెట్టవద్దని ఫోన్‌లోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి రేడియేటర్ పైపు మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా తగిలితే కారణం అడగండి. వేడెక్కిన ఇంజిన్ తన రోగాల్లో సగం దాచేస్తుంది.

స్టార్ట్ చేయకముందే చూడాల్సినవి రెండు: ఆయిల్, కూలెంట్. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లగా ఉండటం జబ్బు కాదు, కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మట్టం, వాసన, జిగట చూడాలి. మట్టం పై గీత దాటి ఉంటే ఎవరో ఎక్కువ పోసి ఉండాలి, లేదా డీజిలో నీళ్లో లోపలికి దిగుతూ ఉండాలి. ఆయిల్ పలచబడి డీజిల్ వాసన కొడితే, సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే నాజిల్ కారుతోందన్న అనుమానం బలపడుతుంది. రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పట్టి చూడండి. సన్నటి మెరుపు కనిపిస్తే అది బేరింగుల లాంటి లోపలి భాగాల నుంచి రాలిన లోహం. అక్కడితో బేరం ఆపేయవచ్చు.

కూలెంట్ డబ్బాలో ఆయిల్ తెట్టు తేలినా, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పొర పేరుకున్నా హెడ్ గ్యాస్కెట్‌నో, ఆయిల్ కూలర్‌నో అనుమానించాలి. వానాకాలంలో చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి మూత కింద కొద్దిగా తేమ చేరడం సహజమే. కూలెంట్ తగ్గిపోతూ ఉంటేనే దాన్ని జబ్బుగా లెక్కించాలి.

ఇప్పుడు తాళం తిప్పండి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే 500 డిగ్రీలకు పైబడిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంటే స్టార్టింగే ఒక కంప్రెషన్ పరీక్ష. హైదరాబాద్ చలి డీజిల్ ఇంజిన్‌ను ఇబ్బంది పెట్టేంతది కాదు. ఇక్కడ ఉదయం పూట సెల్ఫ్ ఐదారు సెకన్లు తిరిగితే గానీ అందుకోకపోతే బ్యాటరీ, హీటర్ ప్లగ్గులు, నాజిళ్లకు అందే డీజిల్ పీడనం, చివరికి కంప్రెషన్ వరుసగా చూడాల్సిందే. సెల్ఫ్ తిరిగే లయ కూడా వినండి. నాలుగు సిలిండర్లూ బాగుంటే ఆ చప్పుడు ఒకే తూకంలో సాగుతుంది. ప్రతి నాలుగో దెబ్బా తేలిపోతుంటే ఒక సిలిండర్‌లో బలం లేదన్నమాట.

అందుకున్నాక ఆయిల్ లైటు ఒకటి రెండు సెకన్లలో ఆరిపోవాలి. టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్లలో మొదటి క్షణాల్లో గలగలమని చప్పుడొచ్చి ఆగితే చైన్ టెన్షనర్‌ను గమనించాలి. ఆయిల్ సకాలంలో మార్చకపోతే ముందు దెబ్బతినే భాగాల్లో అదొకటి.

పొగకు రంగుంది, అర్థమూ ఉంది

సైలెన్సర్ వెనక ఒక మనిషిని నిలబెట్టండి. నల్ల పొగ అంటే ఇంధనానికి తగినంత గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, టర్బో గొట్టం చిట్లడం, ఈజీఆర్ ఇరుక్కోవడం లాంటివి కారణాలు. ఇవి చాలావరకు ఇంజిన్ బయటి పనులు, బేరమాడి కొనవచ్చు. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వు సీళ్లు, టర్బో సీలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి అరిగింది. స్టార్ట్ చేయగానే ఒక్క ఊపు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు, రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే రింగులు లేదా టర్బో. తెల్లపొగ కళ్లు మండిస్తూ పచ్చి డీజిల్ వాసన కొడితే కాలని ఇంధనం, అంటే కంప్రెషన్ లేదా నాజిల్ లోపం. తియ్యటి వాసనతో ఇంజిన్ వేడెక్కినా ఆగకుండా వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందని అర్థం.

బ్యాక్ కంప్రెషన్: మూత చెప్పే నిజం

మన మెకానిక్కులు ‘బ్యాక్ కంప్రెషన్’ అని పిలిచే లక్షణం పాత డీజిల్ ఇంజిన్ పరీక్షలో అన్నిటికన్నా ముఖ్యమైనది. పిస్టన్ పైన మండిన వాయువు రింగులను దాటి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి దూరడమే ఇది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా విప్పి, తీసేయకుండా ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టాలి. మూత కొద్దిగా వణికితే భయం లేదు, నాలుగు పిస్టన్లు కిందికీ పైకీ ఆడుతుంటే ఆ మాత్రం కదలిక ఉంటుంది. ఉడుకుతున్న అన్నం గిన్నె మీది మూతలా ఎగిరెగిరి పడుతూ, పక్కల నుంచి పొగ బుసబుసా తన్నుకొస్తుంటే మాత్రం రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు గట్టి అనుమానం. అప్పుడు డిప్‌స్టిక్ కొంచెం పైకి లాగి చూడండి, అక్కడా పొగ వస్తుంది. టర్బో గాలి గొట్టాల్లో ఆయిల్ తడి ఎక్కువగా ఉందేమో చూడండి. మూడూ ఒకే మాట చెబితే ఇంజిన్ పనికి సిద్ధపడి ధర మాట్లాడాలి, లేదా వదిలేయాలి.

ఒక్క జాగ్రత్త. ఆ వాయువును బయటికి పంపే బ్రీతర్ గొట్టం మూసుకుపోయినా లోపల పీడనం పెరుగుతుంది. దాన్ని విప్పి శుభ్రం చేసి మళ్లీ చూడకుండా ‘బోరు పోయింది’ అని తీర్పు చెప్పకూడదు. కొన్ని ఇంజిన్లలో నాజిల్ అడుగున ఉండే రాగి వాషర్ వదులై, మండిన వాయువు అక్కడి నుంచే టాపెట్ కవర్ కిందికి చేరుతుంది. కొన్ని వందల రూపాయల వాషర్ అది. పట్టించుకోకుండా నడిపితే ఆయిల్ తారులా గట్టిపడి, కింద ఆయిల్ పీల్చే జాలీని మూసేస్తుంది. బేరింగులకు ఆయిల్ అందక ఇంజిన్ సీజ్ అవుతుంది.

చప్పుడును విడదీసి వినడం

డీజిల్ ఇంజిన్ టకటక సహజం. దాని కింద బరువుగా, లోతుగా ‘ఠక్ ఠక్’మని ఇంకో చప్పుడు వినిపిస్తుందా, బండి మీద భారం పడినప్పుడు అది పెరుగుతుందా అన్నదే ప్రశ్న. అనుమానమున్న సిలిండర్‌కు ఇంధనం ఆపి వింటే తెలిసిపోతుంది. ఇంధనం ఆపగానే చప్పుడు తగ్గితే కనెక్టింగ్ రాడ్ బేరింగో, పిస్టన్ పిన్నో, ఆ నాజిలో కారణం. ఇంధనం ఆపినా ఇంజిన్ నడకలో ఏ మార్పూ లేకపోతే ఆ సిలిండర్ అంతకుముందే పనిచేయడం లేదు.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక ఒకటుంది. పాత ఇండికా లాంటి మెకానికల్ పంపు ఇంజిన్లలో నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఈ పరీక్ష చేసేవారు. ఆ అలవాటు కొందరు పాత మెకానిక్కులకు ఇంకా ఉంది. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజిన్‌లో పైపులోని పీడనం 1,600 బార్ వరకూ, కొన్నిట్లో అంతకు మించి కూడా వెళ్తుంది. కంటికి కనపడని సన్నటి ధార కూడా చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోతుంది, వెంటనే ఆపరేషన్ చేయకపోతే చెయ్యే పోవచ్చు. కామన్ రైల్ బండికి ఈ పరీక్షను స్కానర్ ద్వారానే చేయించండి. ఇంజిన్ తిరుగుతుండగా పైపు మీద ఎవరైనా స్పానర్ వేస్తే ఆపండి.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

ఐటీ ఉద్యోగి బండి కంప్యూటర్‌ను చదివే చవక ఓబీడీ పరికరాన్ని ఫోన్‌కు జోడించి, ‘ఎర్రర్ కోడ్ ఏమీ లేదు’ అని తృప్తిపడుతుంటాడు. కోడ్ లేకపోవడం ఆరోగ్యానికి రుజువు కాదు. రింగుల అరుగుదలకు, బేరింగ్ వదులుకు చాలా బండ్లలో సెన్సారే లేదు. కోడ్‌లను అమ్మకందారు ముందురోజే చెరిపేసి ఉండవచ్చు. అందుకే కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే అంకెను చూడండి. మంచి వర్క్‌షాప్ స్కానర్ ఇంకా లోతుకు వెళ్తుంది. ఒక్కో నాజిల్‌కు కంప్యూటర్ ఎంత దిద్దుబాటు చేస్తోందో చూపిస్తుంది. ఒక సిలిండర్‌కు మిగతా మూడింటికన్నా చాలా ఎక్కువ దిద్దుబాటు పడుతుంటే లోపం అక్కడ వెతకాలి. కొన్ని బండ్లలో ఇంజిన్ నడిచిన మొత్తం గంటలు, కంప్యూటర్‌లో దాచిన కిలోమీటర్లు కూడా దొరుకుతాయి. డాష్‌బోర్డు మీటరుతో వాటిని పోల్చండి.

బీఎస్-6 డీజిల్ అయితే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి శాతం తప్పక చూడాలి. ఈ ఫిల్టర్‌లో చేరిన మసి కాలడానికి సుమారు 600 డిగ్రీల వేడి, ఆగకుండా కొంతసేపు సాగే ప్రయాణం కావాలి. కొండాపూర్ నుంచి మైండ్‌స్పేస్‌కు రోజూ నాలుగైదు కిలోమీటర్లు పాకే బండికి ఆ అవకాశమే రాదు. మసి కాల్చే ప్రయత్నం మధ్యలో ఆగినప్పుడల్లా కొంత డీజిల్ ఆయిల్‌లోకి చేరి దాన్ని పలచబరుస్తుంది. ఇలాంటి బండికి డిప్‌స్టిక్ మట్టం పెరగడమే మొదటి సాక్ష్యం.

పంతొమ్మిది సీసీల కథ

మల్టీజెట్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ పరిమాణం 312 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17.6కు 1 అనుకుంటే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు దాదాపు 19 సీసీ. ఆ కాస్త చోటులోకే గాలి అంతా నలిగి చేరాలి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. వరద నీటిలో నడిపిన బండి ఎయిర్ ఫిల్టర్ ద్వారా అంతకన్నా ఎక్కువ నీటిని పీలిస్తే పిస్టన్ మధ్యలో ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచిన వాన ఈ నగరం మరచిపోలేదు. ఆ తర్వాత కూడా ప్రతి వానాకాలం హైటెక్ సిటీ రైల్వే వంతెన కింద నీరు నిలవడం, అందులో కార్లు ఆగిపోవడం చూస్తూనే ఉన్నాం. మామూలు సమగ్ర బీమాలో నీరు పీల్చడం వల్ల ఇంజిన్‌కు జరిగిన నష్టానికి సాధారణంగా పరిహారం రాదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ విడిగా తీసుకుని ఉండాలి. అది లేని యజమాని నీళ్లు కక్కించి, ఆయిల్ మార్చి, ఎలాగోలా స్టార్ట్ చేయించి బండిని అమ్మేసే ప్రమాదం ఉంది. రాడ్ కొద్దిగా వంగిన ఇంజిన్ వెంటనే ఆగిపోదు. వేల కిలోమీటర్లు నడిచి, ఒకరోజు రాడ్ విరిగి బ్లాక్‌కు రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది.

దీన్ని పట్టేది కంప్రెషన్ పరీక్ష. హీటర్ ప్లగ్గులు విప్పి ఆ రంధ్రంలో గేజు బిగించి సెల్ఫ్ కొడతారు. చాలా కార్ల డీజిల్ ఇంజిన్లలో 350 నుంచి 450 పీఎస్ఐ దాకా రావాలి, కచ్చితమైన అంకె ఆ ఇంజిన్ మాన్యువల్లో ఉంటుంది. అన్నీ కాస్త తక్కువగా ఉన్నా సమంగా ఉంటే అది వయసు. ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా 10 శాతానికి మించి పడిపోతే అది దెబ్బ. పెట్రోలు ఇంజిన్లలో చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ పరీక్షించే పద్ధతి ఇక్కడ వద్దు. 19 సీసీల చోటులో కొంచెం ఎక్కువ పోస్తే మీరే రాడ్ వంచినవారవుతారు.

దానికి బదులు లీక్ పరీక్ష చేయించాలి. పిస్టన్‌ను పైకి తెచ్చి సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి, అది ఎటు పారిపోతోందో వినడమే ఈ పరీక్ష. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్. గాలి ఎక్కడికీ పోకుండా కంప్రెషన్ మాత్రం తక్కువగా ఉంటే రాడ్ వంగి పిస్టన్ పూర్తిగా పైకి రావడం లేదేమో చూడాలి. అప్పుడు హీటర్ ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కెమెరా దించుతారు. సిలిండర్ గోడ పైఅంచున మసి పట్టీ ఉంటుంది, పిస్టన్ రింగులు చేరని చోటు అది. ఒక సిలిండర్‌లో ఆ పట్టీ మిగతావాటికన్నా వెడల్పుగా కిందికి దిగి ఉంటే రాడ్ వంగిందనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఒక మాట: పాత బండ్లలో హీటర్ ప్లగ్గులు తుప్పుపట్టి, విప్పేటప్పుడు విరిగిపోవచ్చు. అందుకే ఈ చివరి పరీక్షకు అమ్మకందారు అనుమతి, విరిగితే ఖర్చెవరిదన్న ఒప్పందం ముందే ఉండాలి. మొదటి పరీక్షల్లో ఏ అనుమానమూ రాని బండికి ఇంతదాకా పోనక్కర్లేదు.

కొనే ముందు వరుస

1. చల్లని ఇంజిన్, ఆయిల్, కూలెంట్ చూడటం.
2. స్టార్టింగ్ లయ, మొదటి పొగ, ఆయిల్ లైటు.
3. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, ఎత్తు రోడ్డు మీదో కనీసం అరగంట నడపడం, పికప్, టెంపరేచర్ గమనించడం.
4. తిరిగొచ్చాక వేడి ఇంజిన్ మీద బ్యాక్ కంప్రెషన్ పరీక్ష.
5. స్కానర్ రిపోర్టు, సర్వీసు బిల్లులు, బీమా క్లెయిముల చరిత్ర పక్కపక్కన పెట్టి పోల్చడం.
6. అనుమానం మిగిలితే కంప్రెషన్, లీక్ పరీక్షలు, కెమెరా.

ఈ పని తెలిసినవాళ్లకు ఈ నగరంలో కొదవ లేదు. బాలానగర్ లేత్ షాపుల్లో బోరు కొలిచే పనివాళ్లు, రాణిగంజ్‌లో విడిభాగాల మంచిచెడ్డలు తెలిసినవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని ఇక్కడ షెడ్డు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అమ్మకందారు చూపించే మెకానిక్ కాకుండా మీరు ఎంచుకున్న మనిషిని తీసుకెళ్లండి. ‘ఒక్కసారి చూసి చెప్పన్నా’ అని టీ తాగించి పంపకండి, ఆ అనుభవానికి తగిన ఫీజు ఇవ్వండి. రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి తొందరగా చూస్తాడు, ఫీజు తీసుకున్న మనిషి బాధ్యతగా చూస్తాడు.

క్యాబులు నడిపే సంస్థలకూ ఒక విన్నపం. బండి అమ్మేటప్పుడు ఇంజిన్ గంటలు, ఆయిల్ మార్చిన తేదీలు, నీటిలో చిక్కుకున్న సందర్భాలు రాసిన కాగితం కొనేవారి చేతిలో పెట్టండి. ఆ బండి మీద ఒక కుటుంబం బతుకుతెరువు ఆధారపడుతుంది.

కొనేవారు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఇంజిన్‌ను చల్లగా చూపించడానికి, మీ మెకానిక్‌తో పరీక్ష చేయించడానికి ఒప్పుకోని చోట ధర ఎంత తగ్గించినా కొనకండి. బజారులో ఇంకో బండి తప్పక దొరుకుతుంది.